సదస్సుకి పేపరు ఎంపికైంది, వెళ్లడానికి డబ్బుల్లేవు. స్కాలర్లకు ఖర్చు తగ్గే దారి ఏమైనా ఉందా?

వంశధార_వాటర్

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం బోరునీళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. కవిటి, సోంపేట, మందస మండలాల్లో నీళ్లు పట్టి సిలికా, ఫ్లోరైడ్, భార లోహాలు చూస్తున్నాం. పుణెలో జరిగే ఒక జాతీయ సదస్సుకి అబ్‌స్ట్రాక్ట్ (పేపరు సారాంశం) పంపితే ఓరల్‌కి, అంటే వేదిక మీద ప్రసంగానికి, ఎంపికైందని మొన్న మెయిల్ వచ్చింది. మా గైడ్ గారు డిపార్ట్‌మెంట్‌లో అందరికీ చెప్పారు. ఇంటికొచ్చి రిజిస్ట్రేషన్ పేజీ తెరిచాక నిద్ర పట్టలేదు.

విద్యార్థి ఫీజు 6,500. దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపితే 7,670. అందులో బస లేదు. వాళ్లు సూచించిన హోటల్లో గది రోజుకి 3,200. బయట లాడ్జి చూసుకున్నా 1,500కి తగ్గదు, అలా మూడు రాత్రులు. శ్రీకాకుళం రోడ్డు (ఆమదాలవలస) స్టేషన్‌లో కోణార్క్ రైలెక్కితే స్లీపర్‌కి రానూపోనూ ఇంకో 1,500 దాకా. తిండీ ఆటోలూ కలిపితే 15 వేలు దాటిపోతోంది. నాకు ఫెలోషిప్ లేదు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తే నెలకి వచ్చేది 14 వేలు. యూనివర్సిటీలో అడిగితే "వెళ్లి వచ్చాక బిల్లులు పెట్టుకో అమ్మా, ఐదు వేల వరకు చూద్దాం" అన్నారు.

మానేద్దామా అంటే, ఉద్దానం నీళ్ల మీద అక్కడ ఒక సెషన్ మొత్తం ఉంది. అందులో మాట్లాడేవాళ్ల జాబితా చూశాను. ఢిల్లీ, చెన్నై, హైదరాబాద్. మా జిల్లా నుంచి నేనొక్కదాన్నే. తక్కువ ఫీజుతో ముందుగా కట్టే ఎర్లీ బర్డ్ గడువు ఇంకా రెండు వారాలుంది. ఇలాంటప్పుడు మీరంతా ఏం చేశారో చెప్పండి.

బొబ్బిలి_వీణ

ముందు అభినందనలు. ఓరల్ దొరకడం చిన్న విషయం కాదు. మానేద్దాం అన్న మాట అప్పుడే అనకండి.

జీడితోట

మాది వజ్రపుకొత్తూరు మండలం. మా పెదనాన్న డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు పలాస వెళ్తున్నారు. మీరు వెళ్లి మాట్లాడాలి మేడం. ఎలాగో ఒకలాగ వెళ్లండి.

కెమిస్ట్రీ_మావయ్య

నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఈ సదస్సు మానేస్తే నీ పీహెచ్‌డీ ఆగదు. 2016 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) నిబంధనల్లో థీసిస్ ఇచ్చే ముందు ఒక పేపరు ప్రచురణ, రెండు సదస్సుల్లో ప్రెజెంటేషన్ తప్పనిసరిగా ఉండేవి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఆ షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా అట్టిపెట్టుకుందేమో ఒకసారి చూసుకో. లేకపోతే ఆ 15 వేలతో ఇంకో సీజన్ నీళ్ల శాంపిళ్లు పరీక్ష చేయించు. మంచి జర్నల్లో వచ్చిన పేపరు పదేళ్లు నిలుస్తుంది. పది నిమిషాల ప్రసంగం టీ బ్రేక్‌కే మర్చిపోతారు.

గోస్తనీ

కెమిస్ట్రీ_మావయ్య గారూ, నిబంధన పోయిందంటే అవసరం పోయినట్టు కాదండి. సర్టిఫికెట్ కోసం వెళ్లేవాళ్లకే మీ మాట వర్తిస్తుంది.

ఒక సదస్సులో నా పక్క పోస్టరు (పరిశోధనని ఒక పెద్ద కాగితం మీద వేసి చూపించేది) ఒక అమ్మాయిది. ఆమెది కూడా భూగర్భజలాలే. ఒక పెద్దాయన వచ్చి పోస్టరు మొత్తం చదివి, "సిలికా కొలవడానికి నీళ్లు ఏ సీసాలో పట్టావు?" అని ఒకే ప్రశ్న అడిగారు. గాజు సీసాలో పట్టి నిల్వ ఉంచితే గాజులోంచే సిలికా నీళ్లలోకి దిగుతుంది, అంకె పెరిగిపోతుంది, పాలీఎథిలీన్ సీసా వాడాలి అని అక్కడే నిలబడి చెప్పారు. ఆమె వాడింది ప్లాస్టిక్కే, కానీ ఆ మాట పేపర్లో రాయలేదు. రాయకపోతే జర్నల్ తరఫున పేపరు పరిశీలించే రివ్యూయర్ అనుమానిస్తాడని కూడా ఆయనే చెప్పారు. తర్వాత ఆయన లేబొరేటరీలోనే ఆ అమ్మాయి నెలరోజులు పనిచేసింది. ఇలాంటివి జర్నల్ వాళ్ల మెయిల్లో దొరకవు.

వంశధార_వాటర్

గోస్తనీ గారూ, మేమూ ప్లాస్టిక్ సీసాలే వాడుతున్నాం. ఆ వాక్యం ఈ రాత్రే స్లైడులో చేరుస్తాను. చాలా థ్యాంక్స్.

నాగావళి_గట్టు

ఫీజు కట్టే ముందు నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టు చెల్లీ. మన వాళ్లు అడగడానికి మొహమాటపడతారు. వెబ్‌సైట్‌లో రాయితీ అని రాసి లేకపోయినా, చాలా సదస్సుల్లో కన్వీనర్ చేతిలో నాలుగైదు ఫీజు మినహాయింపులు ఉంటాయి. అడిగినవాళ్లకే అవి వెళ్తాయి.

మెయిల్ పొడుగ్గా వద్దు. గైడ్ గారిని కాపీలో పెట్టు. విషయం ఇలా ఉంటే చాలు: "నా అబ్‌స్ట్రాక్ట్ ఫలానా నంబరు, ఓరల్‌కి ఎంపికైంది. నేను రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫెలోషిప్ లేని పరిశోధక విద్యార్థిని. మా విశ్వవిద్యాలయం గరిష్ఠంగా ఐదు వేలు, అదీ తిరిగి వచ్చాక ఇస్తుంది. ఫీజులో పూర్తి లేదా సగం మినహాయింపు ఇవ్వగలరా? క్యాంపస్ హాస్టల్లో బస దొరుకుతుందా? అవసరమైతే వలంటీరుగా పనిచేస్తాను. ఎర్లీ బర్డ్ గడువులోగా చెప్తే టికెట్ తీసుకుంటాను." అంతే. కష్టాల కథంతా రాయకు. ఎంత కావాలో, ఎప్పటిలోగా కావాలో చెప్పు.

పైడితల్లి_జాతర

+1. నేనూ ఇలాగే అడిగాను. ఫీజు తగ్గించలేదు గానీ రిజిస్ట్రేషన్ డెస్కులో ఒక పూట కూర్చోబెట్టి, హాస్టల్ గది, భోజనం ఇచ్చారు. డెస్కులో కూర్చుంటే వచ్చిన ప్రతి పెద్దాయనకీ బ్యాడ్జీ నేనే ఇచ్చాను. లాభం అదే.

రాజాం_రీసెర్చ్

డెస్కులో కూర్చున్నవాళ్లు సెషన్లు మిస్సవుతారు కదా. ఫీజు కట్టలేనివాడు బ్యాడ్జీలు పంచాలి, కట్టగలిగినవాడు ప్రసంగం వినాలి, ఇది నాకు నచ్చదు. మినహాయింపు ఇస్తే ఇచ్చినట్టుండాలి.

పైడితల్లి_జాతర

రాజాం_రీసెర్చ్ అన్నా, మీరన్నది నిజమే. అందుకే ఏ పూటో ముందే మాట్లాడుకోవాలి. నా సెషన్ ఉన్న రోజు వద్దన్నాను, ఒప్పుకున్నారు.

రిటైర్డ్_సూపరింటెండెంట్

చాలా ఏళ్లు ఒక కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేశాను కాబట్టి ఆ వైపు సంగతి చెప్తాను. "వెళ్లొచ్చాక బిల్లులు పెట్టుకో" అన్న మాటలోనే మన పిల్లలు చిక్కుకుపోతున్నారు. జేబులో 15 వేలు ఉన్నవాడే ముందు ఖర్చు పెట్టగలడు. లేనివాడు అప్పు తెస్తాడు, లేదా అమ్మ గాజులు బ్యాంకులో పెడతాడు. ఆ ఐదు వేలు వచ్చేసరికి వడ్డీ కొంత తినేస్తుంది. బిల్లు ఎందుకు ఆలస్యమవుతుందంటే, ఫైలుకి ముందస్తు అనుమతి కాగితం ఉండదు, లాడ్జి రసీదు మీద జీఎస్‌టీ నంబరు ఉండదు, హాజరు సర్టిఫికెట్ జిరాక్స్ పెడతారు. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క అభ్యంతరం రాసి ఫైలు వెనక్కి పంపుతారు. మళ్లీ అది కదిలేసరికి ఆర్థిక సంవత్సరం మారిపోతుంది. అప్పుడు పాత ఏడాది బిల్లుకి కొత్త ఏడాది బడ్జెట్‌లో డబ్బు ఎక్కడిదని ఇంకో ప్రశ్న.

అందుకే వెళ్లే ముందే మూడు పనులు చెయ్యమ్మా. గైడ్ సంతకంతో, డిపార్ట్‌మెంట్ హెడ్ ద్వారా అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టు. ఖర్చు అంచనా, ఎంపిక మెయిల్ దానికి జత చెయ్యి. అందులోనే "అడ్వాన్స్‌గా మంజూరు చేయగలరు" అని రాయి. అడ్వాన్స్ ఇచ్చి తర్వాత బిల్లులతో సర్దుబాటు చేసుకోవడం ఆఫీసులకి కొత్తేమీ కాదు, ఎవరూ అడగరు కాబట్టి ఇవ్వరు. మూడోది ముఖ్యం. మీ గైడ్ గారి దగ్గర ఏదైనా ప్రాజెక్టు నడుస్తుంటే, దాని ప్రయాణ ఖర్చుల పద్దు నుంచో కంటింజెన్సీ (చిల్లర ఖర్చుల పద్దు) నుంచో రిజిస్ట్రేషన్ ఫీజు నేరుగా నిర్వాహకుల ఖాతాకే పంపించవచ్చు. నీ చేతి మీదుగా వెళ్లాల్సిన పని లేదు.

వంశధార_వాటర్

మాస్టారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. గైడ్ గారికి ఒక చిన్న ప్రాజెక్టు ఉంది. రేపు అడుగుతాను.

సెట్టు_నెట్టు

ఫెలోషిప్ ఉన్నవాళ్ల పరిస్థితి కూడా అంత గొప్పగా ఏం లేదు. నెట్ పరీక్షలో ఎంపికైనవాళ్లకిచ్చే యూజీసీ జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, అది బాగానే ఉంది. కానీ సైన్స్ వాళ్లకి కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి 12 వేలు, ఆర్ట్స్ వాళ్లకి 10 వేలు. కెమికల్స్, పుస్తకాలు, జిరాక్స్, ప్రయాణాలు అన్నీ అందులోనే. ఒక్క సదస్సుతో ఏడాది కంటింజెన్సీ అయిపోతుంది. నెట్ లేనివాళ్లకిచ్చే నాన్‌నెట్ ఫెలోషిప్ నెలకి 8 వేలు ఉంది గానీ అది సెంట్రల్ యూనివర్సిటీల్లోనే. స్టేట్ యూనివర్సిటీలో చేరినవాడికి అదీ లేదు.

జీడితోట

అంటే విజయనగరంలో సెంట్రల్ ట్రైబల్ యూనివర్సిటీలో స్కాలరుకి ఒక లెక్క, పక్కనే స్టేట్ యూనివర్సిటీ స్కాలరుకి ఇంకో లెక్క అన్నమాట. రైలు మాత్రం ఇద్దరికీ అదే.

సెట్టు_నెట్టు

అదే కదా మరి.

లెక్కల_గుంటడు

మ్యాథ్స్ వాళ్ల పద్ధతి మిగతా సబ్జెక్టుల వాళ్లు చూడాలి. నేషనల్ సెంటర్ ఫర్ మ్యాథమెటిక్స్ నడిపే యాన్యువల్ ఫౌండేషన్ స్కూళ్లకి (పీహెచ్‌డీ విద్యార్థుల శిక్షణ తరగతులు) ఎంపికైతే ఫీజు లేదు. బస, భోజనం వాళ్లదే, రైలు చార్జీ కూడా ఇస్తారు. బెంగళూరులోని ఐసీటీఎస్ అనే పరిశోధన కేంద్రం కార్యక్రమాలకి కూడా రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు, ఎంపికైనవాళ్లకి అక్కడే వసతి. ఇటలీలోని ట్రియెస్టేలో భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలాం 1964లో పెట్టిన ఐసీటీపీ అనే పరిశోధన కేంద్రం అయితే మనలాంటి దేశాల వాళ్ల కోసమే పుట్టింది. ఎంపికైన కొందరికి ప్రయాణ ఖర్చు కూడా ఇస్తారు.

వీటన్నిట్లోనూ ఒకటే సూత్రం. ముందు పని చూసి మనిషిని ఎంపిక చేస్తారు, తర్వాత ఖర్చు వాళ్లు చూసుకుంటారు. మిగతా చోట్ల ముందు ఫీజు, తర్వాత మనిషి.

ఆర్ట్స్_బ్యాచ్

చరిత్ర వాళ్లం మేమూ ఆ మాట చెప్పుకోవచ్చు. ఇండియన్ హిస్టరీ కాంగ్రెస్ 1935 నుంచి నడుస్తోంది. అక్కడ సభ్యత్వం, డెలిగేట్ ఫీజు విద్యార్థి కట్టగలిగినంతలోనే ఉంటాయి. నిర్వహించే యూనివర్సిటీ హాస్టళ్లలో బస. డిసెంబరు చలిలో ఒకే గదిలో నలుగురైదుగురం పడుకున్నాం. ఒకాయన కేరళ, ఒకాయన బెంగాల్. రాత్రి గదిలో జరిగిన చర్చ పొద్దున సెషన్ కంటే బాగుంది. హోటల్లో ఎవడి గదిలో వాడు తలుపేసుకుంటే ఇది దొరుకుతుందా?

కెమిస్ట్రీ_మావయ్య

ఆర్ట్స్_బ్యాచ్, చరిత్ర సభకి ప్రొజెక్టరూ మైకూ ఉంటే సరిపోతుంది. సైన్స్ సదస్సు అంటే పరికరాల ప్రదర్శన, విదేశీ వక్తలు, పెద్ద హాలు. ఖర్చు ఊరికే రాదు.

కోటబురుజు

మావయ్య గారూ, ఖర్చు ఎక్కడ అవుతుందో నేను చెప్తాను. విజయనగరంలో ఒక కాలేజీలో పనిచేస్తున్నాను, మా డిపార్ట్‌మెంట్ సదస్సు లెక్కలు నేనే చూశాను. మొదట వేసిన అంచనాలో విద్యార్థి ఫీజు 1,500 అనుకున్నాం. ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క పద్దూ చదివాం. ముఖ్య అతిథులకి విమాన టికెట్లు, విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి కార్లు. స్టార్ హోటల్ గదులు. ప్రతి డెలిగేటుకీ జనపనార సంచి, అందులో రైటింగ్ ప్యాడ్, పెన్ను, పెన్‌డ్రైవ్. జ్ఞాపికలు. శాలువాలు. గేటు నుంచి హాలు దాకా ఫ్లెక్సీలు. రెండు రోజుల క్యాటరింగ్, అందులో రెండు స్వీట్లు. అసలు పరిశోధనకి సంబంధించిన పద్దు వెతికితే, ప్రొసీడింగ్స్ (సదస్సు పేపర్ల పుస్తకం) అచ్చు ఒక్కటే కనిపించింది.

సంచి తీసేశాం. జ్ఞాపికలు తీసేశాం. అచ్చు బదులు అబ్‌స్ట్రాక్టులన్నీ ఒకే ఫైలు చేసి వెబ్‌సైట్‌లో పెట్టాం. ఇద్దరు దూరపు వక్తలు ఆన్‌లైన్‌లో మాట్లాడారు, మిగతావాళ్లని విశాఖ, బరంపురం నుంచి పిలిచాం, వాళ్లు రైల్లో వచ్చారు. తేదీలు సెలవుల్లో పెట్టడం వల్ల హాస్టల్ ఖాళీగా దొరికింది, భోజనం మెస్‌లోనే. విద్యార్థి ఫీజు 300కి దిగింది. ఎవరూ భోజనం బాగాలేదని వెళ్లిపోలేదు.

పైడితల్లి_జాతర

శాలువాలు కూడా తీసేశారా? మా దగ్గర శాలువా లేకపోతే సభే మొదలవ్వదు.

కోటబురుజు

శాలువా దగ్గర పెద్ద గొడవే అయింది. చివరికి ముఖ్య అతిథి ఒక్కరికే అని రాజీ పడ్డాం.

బొబ్బిలి_వీణ

శాలువా బదులు పొందూరు ఖద్దరు కండువా వెయ్యండి, మన నేతగాళ్లకి పని దొరుకుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

ఆర్ట్స్_బ్యాచ్

తగ్గుతుందా! వాలుగ చేప దవడతో దూది ఏకి, చేత్తో వడికి నేసిన సన్న ఖద్దరు అది. ధర చూశారా ఎప్పుడైనా? ముఖ్య అతిథికి ఒక్కటి వేస్తే కోటబురుజు గారి విద్యార్థుల ఫీజు మళ్లీ 1,500 అవుతుంది.

బొబ్బిలి_వీణ

సరే సరే, బొబ్బిలి వీణ బొమ్మ ఇద్దామని మాత్రం అనను లెండి 😀

కెమిస్ట్రీ_మావయ్య

కోటబురుజు చెప్పింది రెండు రోజుల స్థానిక సదస్సుకి బాగుంది, ఒప్పుకుంటాను. మూడు వందల మంది వచ్చే జాతీయ సదస్సుకి హాస్టల్ మెస్ సరిపోదు. అప్పుడు ఏం చేస్తారు?

కోటబురుజు

అప్పుడు ఫీజులు వేరు చేస్తారు. కంపెనీల నుంచి వచ్చేవాళ్లకి ఎక్కువ, జీతం ఉన్న అధ్యాపకులకి మధ్యస్తంగా, విద్యార్థికి, ఫెలోషిప్ లేని స్కాలరుకి, గెస్ట్ ఫ్యాకల్టీకి నామమాత్రంగా. ఇప్పుడు చాలాచోట్ల విద్యార్థికీ ప్రొఫెసర్‌కీ తేడా వెయ్యో రెండు వేలో. రెండు లక్షల జీతానికీ 14 వేల జీతానికీ మధ్య ఉన్న తేడా అదేనా? ఇంకొకటి. సదస్సు పెట్టడానికి సీఎస్‌ఐఆర్ (సైన్స్ పరిశోధన మండలి), ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) లాంటి కేంద్ర సంస్థలు గ్రాంటు ఇస్తాయి. ఆ గ్రాంటులో ఇంత శాతం విద్యార్థుల ప్రయాణానికే వాడాలని షరతు పెడితే సంచుల మీదా వేదిక మీదా ఖర్చు తనంతట తనే తగ్గుతుంది. ఇచ్చేవాళ్లు అడగాలి, అంతే.

గెస్ట్_లెక్చరర్

గెస్ట్ ఫ్యాకల్టీ మాట ఎత్తినందుకు కృతజ్ఞతలు. మా సంగతి ఎవరికీ పట్టదు. పీహెచ్‌డీ అయిపోయింది కాబట్టి విద్యార్థి ఫీజు వర్తించదు. పర్మనెంట్ ఉద్యోగం లేదు కాబట్టి కాలేజీ డబ్బు ఇవ్వదు. పీరియడ్ లెక్కన జీతం, మూడు రోజులు వెళ్తే ఆ మూడు రోజులదీ పోతుంది. ఫీజు మాత్రం ప్రొఫెసర్ గారితో సమానం. డాక్టరేట్ వచ్చిన మొదటి ఐదేళ్లు, శాశ్వత ఉద్యోగం లేనివాళ్లకి విద్యార్థి ఫీజే తీసుకోవాలి. అందరికంటే ఎక్కువగా ఉద్యోగం వెతుక్కునేది మేమే, పదిమందికి కనిపించాల్సిందీ మేమే.

వంశధార_వాటర్

ఇది చదివి రేపటి నా పరిస్థితి తెలిసింది మేడం.

సీతంపేట_సిగ్నల్

ఇదంతా ఎందుకు, ఆన్‌లైన్‌లో పెడితే సరిపోదా? ప్రపంచ గణిత మహాసభ ఐసీఎం కూడా 2022లో ఆన్‌లైన్‌లోనే జరిగింది. అంత పెద్దవాళ్లకి సరిపోయింది మనకి సరిపోదా?

లెక్కల_గుంటడు

సీతంపేట తమ్ముడూ, అది ఇష్టపడి పెట్టింది కాదు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సింది, ఉక్రెయిన్ యుద్ధం వల్ల ఆన్‌లైన్‌కి మారింది. వినడానికి ఆన్‌లైన్ చాలా మంచిది, నేను ఎన్నో విన్నాను. కానీ నీ పేరు ఎవరికి గుర్తుంటుంది? కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్ల ముందు మాట్లాడి, చప్పట్ల బొమ్మ చూసి బయటికి రావడమే.

గోస్తనీ

ఎంపికైనవాళ్లు నేరుగా రావాలి, వినేవాళ్లకి ఉచితంగా ఆన్‌లైన్ లింకు ఇవ్వాలి. రెండూ కావాలి. చంటిబిడ్డతో ఇంట్లో ఉన్న ఏడాది నాకు ఆ లింకే దిక్కయింది. అలాగని నన్ను ఎప్పటికీ లింకుకే పరిమితం చేస్తే ఒప్పుకోను. అమ్మాయిల విషయంలో ఇంకో మాట. లాడ్జి 1,500 అని మగవాళ్లు తేలిగ్గా అనేస్తారు. తెలియని ఊళ్లో ఒంటరిగా వెళ్లే అమ్మాయి ఆ 1,500 లాడ్జిలో దిగలేదు. ఇంట్లోనూ ఒప్పుకోరు. దాంతో ఆమె ఖర్చు రెట్టింపు. లేడీస్ హాస్టల్లో మంచం ఇస్తామని వెబ్‌సైట్‌లో ఒక్క వాక్యం రాస్తే మా ఇళ్లలో సగం గొడవ తీరుతుంది.

సీతంపేట_సిగ్నల్

మా వైపు సిగ్నల్ కోసం కొండెక్కాలి. అయినా ఆన్‌లైన్ అడిగానంటే విజయనగరం వచ్చి వెళ్లే బస్సు ఖర్చు కూడా చూసుకోవాల్సినవాళ్లం. మీరన్నది అర్థమైంది అక్కా.

పాత_బెంచీ

సదస్సుని దగ్గరికి తేవడం గురించి ఎవరూ మాట్లాడట్లేదు. 2008 జనవరిలో సైన్స్ కాంగ్రెస్ విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో జరిగింది. అప్పుడు నేను విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాను. పొద్దున పాసింజరెక్కి వెళ్లి రాత్రికి ఇంటికొచ్చేవాళ్లం. బస ఖర్చు లేదు, ఇంట్లో కట్టిచ్చిన పులిహోరే భోజనం. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలని అంత దగ్గర నుంచి చూడటం అదే మొదలు. నాతో వచ్చినవాళ్లలో ఇద్దరు తర్వాత పరిశోధనలోకి వెళ్లారు.

విశాఖ దాటి ఉత్తరానికి ఎవరూ రావట్లేదు. ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ 2008 నుంచి ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఉంది, ట్రైబల్ యూనివర్సిటీ ఉంది. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద సదస్సు పుణెలోనో ఢిల్లీలోనో పెట్టేకన్నా పలాసలో పెట్టవచ్చు కదా. 2023 డిసెంబరులో అక్కడ కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. వచ్చినవాళ్లు జబ్బున్న ఊరూ చూస్తారు, హిరమండలం నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే పైపులూ చూస్తారు. మన పిల్లలు బస్సులో వచ్చి బస్సులో వెళ్తారు.

జీడితోట

పలాసలో పెడితే జీడిపప్పు ఉప్మా బాధ్యత నాది. నిజంగానే చెప్తున్నాను.

రాజాం_రీసెర్చ్

విదేశీ సదస్సుల సంగతి కూడా ఎవరైనా చెప్పండి. మా ఫ్రెండుకి యూరప్‌లో పోస్టరు వచ్చింది, ఏం చెయ్యాలో తోచట్లేదు.

కోడింగ్_కళింగ

నాకు తెలిసినవి చెప్తాను. పరిశోధనలకి నిధులిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ ఇదివరకు ఇచ్చే ఇంటర్నేషనల్ ట్రావెల్ సపోర్ట్ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ కిందికి వచ్చింది. ఎకానమీ విమాన చార్జీ, వీసా ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి చూస్తారు. సీఎస్‌ఐఆర్‌కి కూడా పరిశోధకుల కోసం ప్రయాణ గ్రాంటు ఉంది. కంప్యూటర్ సైన్స్ అయితే ఏసీఎం ఇండియా, ఐఏఆర్‌సీఎస్ అనే కంప్యూటర్ సైన్స్ సంఘాలు కలిసి విద్యార్థులకి సాయం చేస్తాయి. సోషల్ సైన్సెస్‌కి ఐసీఎస్‌ఎస్‌ఆర్. అన్నిటికీ నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. ఎంపిక లెటర్ వచ్చాక మొదలెడితే సమయం చాలదు, అబ్‌స్ట్రాక్ట్ పంపిన రోజే కాగితాలు సిద్ధం చేసుకోమనండి.

చాలా అంతర్జాతీయ సంఘాలు ప్రపంచ బ్యాంకు ఆదాయ వర్గాన్ని బట్టి ఫీజు తగ్గిస్తాయి. భారత్ దిగువ మధ్య ఆదాయ దేశాల్లో ఉంది, కాబట్టి రిజిస్ట్రేషన్ పేజీలో ఆ వరుస కోసం వెతకాలి. మెంబర్‌షిప్ ఉంటే ఫీజు తగ్గే చోట, విద్యార్థి మెంబర్‌షిప్ తీసుకుని తర్వాత రిజిస్టర్ చేసుకుంటే రెండూ కలిపినా తక్కువ పడుతుంది చాలాసార్లు.

వీసా ఖర్చు మర్చిపోవద్దు. యూరప్‌లో చాలా దేశాలకి పనిచేసే షెంజెన్ వీసా ఫీజు 2024 జూన్‌లో 80 నుంచి 90 యూరోలకి పెరిగింది. అమెరికాది 185 డాలర్లు, ఇంటర్వ్యూకి హైదరాబాద్ కాన్సులేట్‌కి వెళ్లాలి. వీసా రాకపోయినా ఆ ఫీజు వెనక్కి రాదు. ఫలక్‌నుమా రైలు టికెట్ డబ్బులు అదనం. హైదరాబాద్‌లో ఉన్నవాడికీ ఇచ్ఛాపురంలో ఉన్నవాడికీ అదే ఫారం, కానీ ఖర్చు ఒకటి కాదు.

సెట్టు_నెట్టు

ఇంకో హెచ్చరిక. "మీ అద్భుతమైన పరిశోధన చూశాం, వక్తగా రండి" అని పొగుడుతూ వచ్చే మెయిళ్లకి పడిపోవద్దు. సబ్జెక్టు ఏదైనా ఒకే హోటల్లో పది సదస్సులు, రెండు రోజుల్లో ఎంపిక, ఇండెక్స్ జర్నల్లో ప్రచురణ గ్యారంటీ అంటే అక్కడే ఆగాలి. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లు, సదస్సులు నడిపిన ఓమిక్స్ అనే కంపెనీ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకి పైగా కట్టమని తీర్పిచ్చింది. జర్నళ్లతో పాటు సదస్సుల విషయంలోనూ తప్పుదోవ పట్టించారన్నది అందులో ఉంది. అసలైన సదస్సుకి వెళ్లలేని పిల్లలే ఇలాంటివాటికి దొరికిపోతారు. అప్పు చేసి మరీ కడతారు.

కెమిస్ట్రీ_మావయ్య

ఇది నూటికి నూరు పాళ్లు నిజం. నా అసలు భయం కూడా ఇదే. వంశధార అమ్మాయీ, నీకు ఎంపిక మెయిల్ వచ్చిన సదస్సు కమిటీలో ఉన్నవాళ్ల పేర్లు చూశావా? వాళ్ల పేపర్లు నువ్వు చదివినవేనా?

వంశధార_వాటర్

చూశాను సార్. అందులో ఇద్దరి పేపర్లు నా రెండో చాప్టర్‌లో ఉన్నాయి. నిర్వహించేది కూడా ప్రభుత్వ సంస్థే.

కెమిస్ట్రీ_మావయ్య

అయితే వెళ్లు. ఇద్దరినీ కలిసి నీ డేటా చూపించు. పేపరు మాత్రం దాంతో పాటే రాయడం మొదలుపెట్టు, ఆ మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను.

వంశధార_వాటర్

అప్‌డేట్. నాగావళి అన్నయ్య చెప్పినట్టే మెయిల్ పెట్టాను. కన్వీనర్ మేడం మూడో రోజు జవాబిచ్చారు. ఫీజు పూర్తిగా మాఫీ చేయలేం, సగం తగ్గిస్తాం అన్నారు. క్యాంపస్‌లో లేడీస్ హాస్టల్ రోజుకి 250, ఇంకో అమ్మాయితో కలిసి. మిగిలిన సగం ఫీజు గైడ్ గారు ప్రాజెక్టు నుంచి నేరుగా పంపుతానన్నారు. యూనివర్సిటీలో అడ్వాన్స్ కోసం దరఖాస్తు ఇచ్చాను. సూపరింటెండెంట్ మాస్టారు చెప్పినట్టు అంచనా కాగితం జత చేశాను, తీసుకుని ముద్ర వేశారు, ఇంకా మంజూరు కాలేదు. అది రాకపోయినా టికెట్, హాస్టల్, తిండి కలిపి నా జీతంలో సర్దుకోగలను.

రిటైర్డ్_సూపరింటెండెంట్

ముద్ర వేసిన కాపీ నీ దగ్గర పెట్టుకో అమ్మా. ఆఫీసులో అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబరు దాని మీద ఉందో లేదో చూడు. లేకపోతే రేపే వెళ్లి వేయించు. నంబరు లేని కాగితాన్ని ఎవరూ వెతకరు.

రాజాం_రీసెర్చ్

టికెట్ ఇంకా తీసుకోలేదంటే ఆగండి. 35 ఏళ్ల లోపు రీసెర్చ్ స్కాలర్లకి పరిశోధన పని మీద వెళ్తే రైల్వేలో స్లీపర్ మీద 50 శాతం రాయితీ ఉంది. కన్సెషన్ ఫారం మీద కాలేజీ హెడ్ సంతకం, సీలు కావాలి. కౌంటర్లోనే తీసుకోవాలి, ఫోన్‌లో బుక్ చేస్తే రాదు.

వంశధార_వాటర్

ఫారం ఎక్కడ దొరుకుతుంది? ఆఫీసులోనా, స్టేషన్‌లోనా?

పైడితల్లి_జాతర

ముందు మీ ఆఫీసులో అడగండి, రైల్వే వాళ్లిచ్చిన పుస్తకం చాలా కాలేజీల్లో ఉంటుంది. లేకపోతే ఆమదాలవలస స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్ దగ్గర అడగండి. కోణార్క్‌లో స్లీపర్ త్వరగా నిండిపోతుంది, సోమవారమే వెళ్లండి.

గోస్తనీ

వెళ్లే ముందు ఒక ఆదివారం ప్రసంగం మా ముందు చెప్పి చూసుకోండి. విజయనగరంలో మా ఇంటికి రండి, కోటబురుజు గారినీ మావయ్య గారినీ పిలుస్తాను. పది నిమిషాలకి గడియారం పెడతాను, మావయ్య గారు ప్రశ్నలు అడుగుతారు.

కెమిస్ట్రీ_మావయ్య

వస్తాను. వర్షాకాలం ముందూ తర్వాతా పట్టిన శాంపిళ్ల గ్రాఫులు రెండూ తీసుకురా అమ్మా, మొదటి ప్రశ్న వాటి మీదే.